నేరశాస్త్ర పత్రికకు నూతన సంపాదకుడు



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము మీకు మొదట వింతగా తోచవచ్చును. నేరములను గూర్చి పండితులు వ్రాయు పత్రికయట! దానికొక సంపాదకుడట! ఆయన దిగగా మఱియొకడు ఆ పీఠమెక్కెనట! ఆదవాని పత్తి కాటాయొద్ద గాని, ఎమ్మిగనూరి మగ్గముల వీథిలో గాని కూర్చున్న మనకు దానితో నేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. ఎంత కలదో చెప్పుటకే యీ ప్రసంగము.

గ్రామములో కరణము మాఱినపుడు మన పెద్దలేమి చేయుచుండిరో జ్ఞప్తికి దెచ్చుకొనుడు. 1984వ సంవత్సరమున కరణీకములు, మునసబీలు తొలగింపబడు వఱకు ఆ లెక్కలే గ్రామమునకు ప్రాణము. క్రొత్త కరణము వచ్చెననగానే “ఆయన చేయి యెట్టిది?” అని నలుగురును విచారించెడివారు. ఎవని పొలము ఎవని పేర వ్రాయబడినదో, ఏ గట్టు ఎంత జరిగినదో, ఆ పుస్తకములో నున్నదే సత్యమై నిలుచుచుండెను. పొలములో నిలుచుండి రైతు ఎంత మొఱ పెట్టుకొన్నను, నోరులేని కాగితమే గెలుచుచుండెను. అందువలన పాత కరణము వ్రాసిపోయిన దానిని క్రొత్త కరణము ఎట్లు చదువును, ఎట్లు కొనసాగించును, తప్పున్నచో దిద్దునా దిద్దడా యన్నది ఊరివారందఱి బ్రదుకునకు సంబంధించిన ప్రశ్న. శాస్త్రపత్రికకు సంపాదకుడును అట్టివాడే. ఆయన లెక్క వ్రాయునది పొలములను గూర్చి కాదు, మనుష్యులను గూర్చి.

ముందుగా నేరశాస్త్రమనగా నేమో చెప్పవలయును. అది ధర్మశాస్త్రము కాదు, శిక్షాస్మృతియు కాదు. ఏది నేరమో, దానికేది శిక్షయో చెప్పునది చట్టము. తెలుగున నట్టి గ్రంథము పదుమూడవ శతాబ్దమునందే వెలసినది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్య ననుసరించి కేతనకవి విజ్ఞానేశ్వరీయమును తెలుగున రచించెను. నేరశాస్త్రము అడుగు ప్రశ్నలు వేఱు. మనుష్యుడేల నేరము చేయును? కొన్ని పనులనే సంఘము నేరములని యేల యెంచును? శిక్షవలన మనుష్యుడు బాగుపడునా, చెడునా? నష్టపోయినవాని గతి యేమి? వైద్యుడు మందిచ్చుటకు ముందు నిదానము చూచినట్లు, ఈ శాస్త్రము దండమునకు ముందు కారణమును వెదకును. నిదానము తప్పినచో మందు విషమగును గదా!

ఇక పత్రిక సంగతి. శాస్త్రపత్రిక వార్తాపత్రిక వంటిది కాదు. అందు వ్రాయువారు పండితులు. వారు వ్రాసినది నేరుగా అచ్చుకు పోదు. ఎమ్మిగనూరులో 1938వ సంవత్సరమున మాచాని సోమప్పగారు నేతవారి సహకార సంఘమును స్థాపించిరి. ఇట్టి సంఘములలో పద్ధతి మీరెఱిగినదే. నేతగాడు నూలు తీసికొనిపోయి నేసి తెచ్చిన బట్టను బల్లపై పఱచి, పన్నా కొలిచి, పడుగు పేకలు సరిచూచి, తెగిన పోగులున్నచో చూపి, అటుపిమ్మట గదా లోనికి తీసికొందురు! శాస్త్రపత్రికకు వచ్చిన వ్యాసమునకును ఇదే పరీక్ష. సంపాదకుడు దానిని ఆ విషయము తెలిసిన ఇద్దఱు ముగ్గురు పండితులకు పంపును. సాధారణముగా వ్రాసినవాని పేరు వారికి తెలియనీయరు. పరీక్షించినవారి పేరు వ్రాసినవానికి తెలియనీయరు. వారు తప్పులు చూపుదురు. రచయిత దిద్ది మరల పంపును. ఇట్లు నెలలు గడచును. తుదకు అచ్చుకు తగునా తగదా యని నిర్ణయించువాడు సంపాదకుడు.

మన పత్తివ్యాపారమునందు ఒక మోసము కలదు. బోరెములో పైన తెల్లని పొడిపత్తిని, లోపల తడిపత్తిని పెట్టి తెచ్చువారుందురు. అనుభవశాలి యగు వ్యాపారి పైపైన చూడడు; చేయి మోచేతివఱకు లోనికి దూర్చి పిడికెడు తీసి చూచును. మంచి సంపాదకుడు చేయునదియు అదే. అంకెల పట్టికలు, పెద్ద పదములు పైనున్న తెల్లపత్తి. వాని క్రింద నేమున్నదో చూడని సంపాదకుని చేతిలో పత్రిక పడినచో, తడిసిన మాట శాస్త్రమను పేరుతో లోకమునకు పోవును. నేరశాస్త్రమున అట్టి మాట ఒకటి పోయినది. దానివలన మన ప్రాంతమున బీదవారు తరతరములు బాధపడిరి. ఆ కథ చెప్పెదను.

ఇటలీ దేశమున లోంబ్రోసో యను వైద్యుడుండెను. ఆయన 1876లో ఒక గ్రంథము ప్రకటించి, నేరము చేయువారిలో ననేకులు పుట్టుకతోనే నేరస్థులనియు, వారి పుఱ్ఱె, దవడ, చెవులు మొదలగు వానిని కొలిచి వారిని గుర్తింపవచ్చుననియు వాదించెను. 1880లో ఆయనయు ఆయన మిత్రులును తమ వాదమునకు ఒక పత్రికను నెలకొల్పిరి. 1886లో ఫ్రాన్సు దేశమందలి లియోన్ నగరమున లకసాన్యు అను వైద్యాచార్యుడు మఱియొక పత్రికను స్థాపించెను. నేరమునకు బీజము మనుష్యునిలో నున్నను, అది మొలచుటకు నేల యగునది సంఘమే యని ఈయన పక్షము. ఈ యిరువురును ఒకే కాలమువారు, ఒకే విద్యవారు. సంపాదకులు వేఱగుటచే, ఒక పత్రిక నేరస్థుని పుఱ్ఱెను చూపినది. రెండవది వాని యిల్లును, వీథిని చూపినది. సంపాదకుని దృష్టి యెటు తిరిగిన శాస్త్రమును అటే తిరుగుననుటకు ఇంతకంటె వేఱు నిదర్శన మక్కఱలేదు.

అమెరికాలో 1909వ సంవత్సరమున షికాగో నగరమందు న్యాయవాదులు, వైద్యులు, ఆచార్యులు మహాసభ చేసిరి. విగ్మోర్ అను న్యాయశాస్త్రాచార్యుడు దానికి ప్రధానపురుషుడు. ఆ సభ ఫలముగా 1910లో శిక్షాన్యాయమును, నేరశాస్త్రమును గూర్చిన పత్రిక పుట్టెను. గార్నర్ అను ఆచార్యుడు దానికి మొదటి సంపాదకుడు. ఆయన ఒక సంవత్సరముమాత్రమే యుండెను. 1911లో రాబర్టు గాల్ట్ అను మనస్తత్త్వశాస్త్రాచార్యుడు ఆ పీఠమునకు వచ్చి, 1960 వఱకు, అనగా నలుబదితొమ్మిది సంవత్సరములు, దానిని నిర్వహించెను. నేను నేడు మీ ముందు నిలుపదలచిన నూతన సంపాదకుడు ఈయనయే. న్యాయవాదుల పత్రికకు మనస్సును శోధించువాడు సంపాదకుడగుటయే ఒక మార్పు.

ఆ 1911వ సంవత్సరమును కొంచెము గమనింపుడు. ఆ యేడే ఆ పత్రికను నడుపు సంస్థ, ఐరోపా పండితుల గ్రంథములను ఆంగ్లమునకు తెచ్చు ప్రయత్నములో, లోంబ్రోసో గ్రంథమొకదానిని వెలువరించెను. ఆ యేడే మనదేశమున “నేరస్థ జాతుల చట్టము” అను చట్టము మదరాసు రాజధానికిని విస్తరింపబడెను. నాడు ఆదవాని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. ఎమ్మిగనూరు ఆ తాలూకాలోని గ్రామము. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు గదా మనము బళ్లారిని విడిచి వచ్చితిమి.

ఆ చట్టము మొదట పుట్టినది 1871లో, ఉత్తరదేశమున. దానిని తెచ్చినప్పుడు చెప్పిన యుక్తి వినుడు. ఈ దేశమున నేతవాని కొడుకు నేత నేయును, వడ్లవాని కొడుకు వడ్రంగము చేయును. వృత్తులన్నియు వంశపారంపర్యముగా వచ్చునవే. కావున నేరమే వృత్తిగా గల జాతులును ఉండి తీఱవలయునట! మగ్గము చూచి నేర్చుకొన్న విద్య దొంగతనమునకు సాక్ష్యమైనది. ఈ చట్టముచే ఒక జాతిని నేరస్థజాతి యని ప్రకటించినచో, అందలివాడు ఏ తప్పును చేయకున్నను, వాని పేరు పట్టికకెక్కును. వేలిముద్రలు తీయుదురు. నియమించిన వేళకు పోలీసుఠాణాలోనో, గ్రామాధికారి యొద్దనో హాజరు పలుకవలయును. ఊరు విడిచి పోవలయునన్న అనుమతిచీటి కావలయును. మన సీమలో ఎరుకలవారు మొదలగువారు ఈ పట్టికలకెక్కిరి.

అదే 1871వ సంవత్సరమున మదరాసునుండి వచ్చు రైలుమార్గమును, బొంబాయినుండి వచ్చు మార్గమును రాయచూరున కలిసినవి. ఆ మార్గము మన ఆదవాని మీదుగనే పోవుచున్నది. అంతకుముందు ఎరుకలవారిలో పెక్కుమంది గాడిదలపైన, ఎద్దులపైన ఉప్పును ధాన్యమును వేసికొని ఊరూరను అమ్ముకొని జీవించెడివారు. రైలుబండి వచ్చెను, ఉప్పుపై సర్కారువారి కట్టుబాట్లు బిగిసెను, 1876 మొదలు 1878 వఱకు మహాక్షామము వచ్చెను. వారి వ్యాపారము కూలెను. తిరుగుట పూర్వము వారికి బ్రదుకుతెరువు. తరువాత అదియే వారి నేరమునకు గుర్తాయెను. పుఱ్ఱెలు కొలుచు పండితునికి ఈ సంగతి తెలియదు. ఉప్పుబస్తా ఏమాయెనని అడుగువాడుండవలెను. ఆ ప్రశ్నను అడిగించువాడే నిజమైన సంపాదకుడు.

గాల్ట్ పండితుడు ఏమి చేసెను? 1913లో గోరింగ్ అను ఆంగ్లవైద్యుడు ఒక గ్రంథము ప్రకటించెను. చెఱసాలలలోని సుమారు మూడువేలమంది ఖైదీలను కొలిచి, వారి కొలతలను విశ్వవిద్యాలయ విద్యార్థుల కొలతలతోను, సైనికుల కొలతలతోను పోల్చి, దేహమును చూచి నేరస్థుని గుర్తించుటకు వలనుపడదని ఆయన తేల్చెను. మఱుసటి సంవత్సరమే, అనగా 1914లో, గాల్ట్ సంపాదకుడుగా నున్న ఆ పత్రిక ఈ గ్రంథముపై పలువురు పండితుల అభిప్రాయములను ఒకచోట చేర్చి చర్చగా ప్రకటించెను. ఏ సంస్థ లోంబ్రోసోను తెచ్చినదో ఆ సంస్థ పత్రికయే ఆయనను ఖండించిన గ్రంథమును సభలో నిలిపెను. “మేమే తెచ్చితిమి, మేమెట్లు కాదందుము?” అని తలుపు మూయలేదు. గోరింగ్ చెప్పినదంతయు సరియైనదని నేననను. నేరబుద్ధి వంశమున దిగివచ్చునని ఆయనయు కొంత నమ్మినవాడే. కాని తప్పును తప్పని చెప్పు చోటు ఆ పత్రికలో మిగిలెను. అది గొప్ప మేలు.

ఇంతవఱకు దూరదేశపు మాట చెప్పితిని. ఇక నా తప్పొకటి చెప్పక ఈ విషయము ముగించుట న్యాయము కాదు.

నేను ప్రధానోపాధ్యాయుడనై ఒక పాఠశాలకు పోయిన క్రొత్తలో, నాకు ముందున్నవారు తాళములు, పుస్తకములు అప్పగించి సంతకములు తీసికొని వెడలిరి. ప్రవేశపుస్తకమున ఒక బాలుని పేరు ప్రక్క ఎఱ్ఱసిరాతో “జాగ్రత్త” అని వ్రాసియుండెను. బుట్టలల్లుకొను ఎరుకల కుటుంబమువాడు. ఎందులకు జాగ్రత్తయో కారణము వ్రాసియుండలేదు. నేను అడుగలేదు. కొన్ని నెలలకు పరీక్షరుసుము క్రింద పిల్లలయొద్ద వసూలు చేసిన పైకము కనబడకపోయెను. నా బల్ల సొరుగు వెదకుటకు ముందే, గది యంతయు చూచుటకు ముందే, నా మనస్సు ఆ యెఱ్ఱమాట వైపునకు పోయెను. పిల్లవానిని పిలిపించితిని, వాని తండ్రిని పిలిపించితిని. పిల్లవాడు తాను తీయలేదనెను. తండ్రి చేతులు కట్టుకొని నిలుచుండి, “సారూ, మా తాత రాత్రిపూట చావిడికాడ పండుకుని ఆజరు ఏయించుకుంటుండె. ఆ కాలము పోయిందనుకుంటిమి. మీ బుక్కులో ఇంకా ఉండాదా సారూ?” అని యడిగెను. నేను బదులు చెప్పలేకపోతిని.

నాలుగు దినములకు ఆ పైకము నేను చూచుకొను హాజరుపట్టీ అట్టలోపల దొరకెను. నా చేతులతో నేనే పెట్టి మఱచితిని. అంతకు రెండు దినములకు ముందే వారు సుగ్గికి పోయిరి. పిల్లవాడు మరల బడికి రాలేదు. నేను వారి గుడిసెకు పోగా తలుపునకు ముండ్లకంప అడ్డముగా పెట్టియుండెను. తిరిగివచ్చి, ఆ యెఱ్ఱమాట క్రింద “ఇది నిరాధారము” అని వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసితిని. ఎవనికొఱకు వ్రాసితినో వాడు చదువుటకు లేడు. ముందు వ్రాసినవారి తప్పెంతయో, చదివి నమ్మిన నా తప్పు అంతకు మించినది. ఆయన కలము ఒక మాట వ్రాసినది. నేను ఒక పిల్లవానిని బడి విడిపించితిని.

అందుచేతనే, ఎక్కడనైనను ఒక నేరశాస్త్రపత్రికకు క్రొత్త సంపాదకుడు వచ్చెనని విన్నపుడు నాకు మొదట కలుగు సందేహము, “ఈయన పాతపుస్తకమును ఎట్లు చదువును?” అన్నది. పాతపుటలను చింపివేయు నధికారము ఆయనకు లేదు. చింపినచో తప్పు ఎట్లు జరిగినదో రేపటివారికి తెలియదు. అట్లని పాతమాటనే మరల మరల అచ్చువేయుటయు తగదు. తప్పు క్రింద దిద్దుబాటు వ్రాసి, తేదీ వేసి, సంతకము చేయువాడు కావలయును. అదియు పిల్లవాడు బడి విడువక ముందే చేయవలయును.

సంపాదకుడు చూడవలసినది మఱియొకటి గలదు. దొంగ యనగానే మన కన్ను బీదవాని గుడిసె వైపునకే పోవును. మన పూర్వులు అట్లు చూడలేదు. శూద్రకుని మృచ్ఛకటికమున కన్నము వేయు శర్విలకుడు బ్రాహ్మణుడు, విద్యావంతుడు. దొంగతనమును శాస్త్రముగా వర్ణించును. అదే నాటకమున నిరపరాధియగు చారుదత్తుడు హత్యానేరముపై న్యాయస్థానమున నిలువవలసివచ్చును. కౌటిల్యుడు అర్థశాస్త్రమున కంటకశోధనమను అధికరణమును చేతిపనివారి మోసములతోను, వర్తకుల మోసములతోను ప్రారంభించెను. తప్పుడు తూనికలను అందు చర్చించెను. మఱియొకచోట రాజోద్యోగులు ధనమపహరించు మార్గములు నలుబది యని లెక్కించెను. చాలకాలము కనుమఱుగైన ఆ గ్రంథమును మైసూరున శ్యామశాస్త్రిగారు 1909లో ప్రకటించిరి. అది షికాగో మహాసభ జరిగిన సంవత్సరమే.

పశ్చిమదేశపు పండితులకు ఈ దృష్టి ఆలస్యముగా వచ్చినది. అమెరికా పండితుడగు సదర్లాండ్ 1939 డిసెంబరులో తన అధ్యక్షోపన్యాసమున, పెద్ద పదవులలో నుండి, గౌరవముగా బ్రదుకుచు, తమ వృత్తిలోనే నేరము చేయువారిని గూర్చి మాటాడి, వారి నేరములకు “తెల్లకాలరు నేరము” అని పేరు పెట్టెను. 1949లో డెబ్బది పెద్ద కంపెనీల చరిత్రను పరిశోధించి గ్రంథము వెలువరించెను. కాని ప్రకాశకులు వ్యాజ్యములకు వెఱచి ఆ కంపెనీల పేర్లు తీయించిరి. 1950లో ఆయన మరణించెను. పేర్లతో గూడిన పూర్తిగ్రంథము 1983లో గాని అచ్చుకాలేదు. గుడిసెవాని పేరు ఏ రుజువు లేకుండ పట్టికకెక్కును. మేడవాని పేరు రుజువున్నను ముప్పదినాలుగేండ్లు అచ్చుకెక్కదు! ఈ రెండింటి నడుమ కూర్చున్నవాడు సంపాదకుడు. మన రైతునకు జేబుదొంగవలన పోవునదెంత? నకిలీ విత్తనములవలన పోవునదెంత? పూత రాని పత్తిచేనిలో నిలుచుండి లెక్కవేసికొన్నవానికి ఇది చెప్పనక్కఱలేదు. కాని ఆ లెక్కను శాస్త్రమున చేర్చుటకు, “దీనిని గూర్చి వ్రాసి పంపుడు” అని అడుగు సంపాదకుడుండవలయును.

అటుపిమ్మట శాస్త్రము చాల దూరము వచ్చినది. 1950లో లండనున ఒక పత్రిక వెలసినది. దాని ముగ్గురు సంపాదకులలో మాన్‌హైమ్ అనువాడు జర్మనీలో న్యాయాధిపతిగా నుండి, హిట్లరు ప్రభుత్వము వచ్చిన పిమ్మట దేశము విడిచి వచ్చినవాడు. తక్కిన యిద్దఱు, గ్లోవరును మిల్లరును, మనోవైద్యులు. ఒక జాతికి జాతినే దోషులనుట యెంత ఘోరమునకు దారితీయునో మాన్‌హైమ్ ఎఱిగినవాడు. 1960లో ఆ పత్రిక బ్రిటిషు నేరశాస్త్రపత్రికయని పేరు మార్చుకొనెను. మనదేశమున 1970లో మదరాసునందు భారత నేరశాస్త్ర సంఘమేర్పడి, తనదగు పత్రికను నడపినది.

ఆ నేరస్థజాతుల చట్టము సంగతి యేమాయెనందురా? మదరాసు రాష్ట్రము దానిని 1947లో రద్దుచేసెను. 1949లో భారతప్రభుత్వము ఒక విచారణసంఘమును నియమించెను. దానికి అధ్యక్షుడు మన తిరుపతిసీమకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఆ సంఘము రద్దు చేయుమనెను. 1952 ఆగస్టు 31వ తేదీన దేశమంతట ఆ చట్టము తొలగెను. అప్పటినుండి ఆ ప్రజలను విముక్తజాతులందురు. అయినను పలు రాష్ట్రములలో అలవాటు నేరస్థుల చట్టములను పేర మఱికొన్ని వచ్చెను. చెఱసాలల నిబంధనలలో పాతమాటలు నిలిచియుండెను. చెఱసాలలలో కులమునుబట్టి పని పంచుచున్నారని సుకన్య శాంత యను పత్రికారచయిత్రి 2020లో వ్రాసి, తరువాత సుప్రీంకోర్టున దావా వేసెను. 2024 అక్టోబరు 3వ తేదీన ఆ న్యాయస్థానము అట్టి నిబంధనలను కొట్టివేసి, ఖైదీల రిజిస్టర్లలోని కులపు గడిని తొలగింపుమని ఆజ్ఞాపించెను. 1871లో వ్రాసినదాని జాడను 2024లో తుడువవలసివచ్చెను. నూటయేబదిమూడేండ్లు! తుడిపించుటకు మొదలిడినది ఒక వ్యాసము. దానిని అచ్చువేయుటకు ఒప్పుకొన్న పత్రిక.

తెలుగున శాస్త్రపత్రికాధిపత్యము చేతులు మాఱిన సంగతి మనకు క్రొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో భారతిని స్థాపించిరి. 1938లో వారు స్వర్గస్థులు కాగా వారి అల్లుడగు శివలెంక శంభుప్రసాదుగారు ఆ భారమును వహించిరి. మహావృక్షము పడినచోట క్రొత్తమొక్క నిలుచునా యని నాడు సాహిత్యాభిమానులు శంకించియుండవచ్చును. పండితులు ఒకరినొకరు ఖండించుకొనుటకు ఆ పత్రిక చోటిచ్చుచు 1991 వఱకు నడచినది. సంపాదకుడు తాను గొప్పగా వ్రాయుటవలన గాదు, తనకు నచ్చని మాటకును యుక్తియున్నచో చోటిచ్చుటవలన పీఠము నిలుపుకొనును.

కావున నేరశాస్త్రపత్రిక భారమును స్వీకరించు ఏ నూతన సంపాదకునికైనను, పల్లెటూరి బడిపంతులుగా నేను విన్నవింపదగినవి నాలుగు మాటలు. వచ్చిన వ్యాసమునందు చేయి లోనికంటయు పెట్టి చూడుడు. మనుష్యులను గూర్చి వ్రాసిన మాటకు ఆధారమడుగుడు; ఆధారము లేనిచో ఆ మాట ఎంత పాతదైనను నమ్మకుడు. పట్టణములలోని ఆచార్యులనే కాక, చెఱసాలనుండి వచ్చినవానిని, నష్టపోయినవానిని, పట్టికకెక్కిన జాతిలో పుట్టి చదువుకొన్నవానిని వ్రాయుమని పిలువుడు. నేడు అట్టి విద్యావంతులు లేకపోలేదు. తమ తాతల కథను తామే వ్రాయగలవారు వచ్చినారు. కడపటిది, మీ పత్రిక మునుపు తప్పు వ్రాసియున్నచో, ఆ పుటయందే కాకున్నను ఆ పత్రికయందే దానిని ఒప్పుకొనుడు.

పెద్దలారా, మీకును ఒక మాట. మీరు పత్రికలకు సంపాదకులు కాకపోవచ్చును. కాని రచ్చబండపై మీరన్న మాట ఊరికి అచ్చుమాట. “వాళ్ల వంశమే అంత” అని మీరొకనాడు తేలికగా అన్నచో, మీ తరువాత వచ్చువారు దానిని రుజువుగా చెప్పుకొందురు. ఊరి పొలిమేరలో బుట్టలల్లుకొను కుటుంబము దిగినపుడు, ఏదేని పోయెనని కేక వినబడినపుడు, ముందు ఎవరిని పిలిపింపవలయునను నిర్ణయము మీది. అప్పుడు మీరు నావలె తొందరపడక, మొదట మీ యింటి సొరుగును, మీ హాజరుపట్టీ అట్టను వెదకుడని ప్రార్థించుచున్నాను.